బిడ్డ నోరు విప్పిన తరువాత

(మార్కాపురమున చేసిన స్మారకోపన్యాసము)

ఎవరి స్మృతికై ఈ సభ కూడినదో ఆ ఉపాధ్యాయులవారిని గూర్చి వారి శిష్యులు నాకంటె బాగుగ చెప్పియున్నారు గనుక, ఆ పనిని నేను మరల నెత్తికెత్తుకొనక, వారి జీవితమంతయు ఎవరినడుమ గడచినదో ఆ పిల్లలను గూర్చియే మాటాడదలచితిని. పిల్లలపై జరుగు అత్యాచారములను నివారించుటకును, వానికి గురియైన పిల్లలను ఆదుకొనుటకును మన సంఘమును, ప్రభుత్వమును, న్యాయస్థానములును చేసిన ప్రయత్నములు ఎట్టివి, అవి ఎక్కడ ఫలించినవి, ఎక్కడ దారిలో నిలిచిపోయినవి అనునది నా విషయము. సభలలో పలుకుటకు ఇది ఇంపైన విషయము కాదని ఎరుగుదును. కాని ఆ ఇంపులేమియే ఇన్నాళ్ళును దుర్మార్గులకు చాటైనది.

మార్కాపురమన్నంతనే తెలుగువారి మనస్సునకు తోచునవి రెండు: ఒకటి చెన్నకేశవస్వామి, రెండవది పలక. ఈ పట్టణము చుట్టునుగల క్వారీలనుండి తీసిన రాతిని పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపుదేల్చి, చెక్కచట్రమున బిగించి, కట్టలుగట్టి పంపిన పలకలమీదనే అనేక తరముల తెలుగుపిల్లలు ఓనమాలు దిద్దిరి. ప్లాస్టిక్ పలకలును, నోటుపుస్తకములును వచ్చి ఆ వ్యాపారమును వెనుకకు నెట్టినవి. ఇప్పుడా రాయి గోడలకును నేలకును అలంకారమై దూరదేశములకు పోవుచున్నది. పరిశ్రమ మంచి దినములలో నున్నప్పుడు అందు బడియీడు పిల్లలు పనిచేసిరనునది ఈ ఊరిలో ఎవరును దాచని సంగతి. రాతిధూళిని ఏండ్లతరబడి పీల్చినవారికి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి పట్టుననియు, అది ఒకపరి పట్టినపిమ్మట కుదురునది కాదనియు వైద్యులు చెప్పుచునేయుండిరి. ఆ ధూళిలోనే పిల్లలు కూర్చుండిరి.

1986లో పార్లమెంటు బాలకార్మికుల చట్టమును చేసెను. 1987 ఆగస్టులో జాతీయ విధానము ప్రకటితమాయెను. మరుసటియేట ఆరంభమైన జాతీయ బాలకార్మిక పథకమునకు ఎన్నుకొన్న తొలి ప్రాంతములలో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, జయపురము రత్నములు మొదలైనవానితోబాటు మన రాష్ట్రమునుండి జగ్గంపేట పెంకుల పరిశ్రమయు, మార్కాపురము పలకల పరిశ్రమయు చేరినవి. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు, మధ్యాహ్న భోజనము, నెలకింతయని కొంత భత్యము ఆ పథకముక్రింద ఏర్పడినవి. తరువాత, శివకాశి పిల్లలకొరకై ఎం.సి. మెహతా అను న్యాయవాది 1986లో వేసిన వ్యాజ్యమున 1996 డిసెంబరు 10వ తేదీన తీర్పు చెప్పుచు, సుప్రీంకోర్టు దేశములో ముందుగ చేపట్టవలసిన తొమ్మిది పరిశ్రమలను ఊరి పేర్లతో సహా ఎంచినప్పుడు, అందు మార్కాపురము పేరు మరల కనబడెను. చట్టమునకు విరుద్ధముగ పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు చెల్లింపవలెననియు, ఆ బిడ్డ ఇంట పెద్దవారొకరికి ప్రభుత్వము పని చూపవలెననియు, చూపలేనిచో తనవంతుగ 5,000 రూపాయలు ఆ నిధికి జతచేయవలెననియు, ఆరుమాసములలో లెక్క తీయవలెననియు ఆ తీర్పు శాసించెను. తీర్పు వ్రాసినంత వేగముగ పని జరుగలేదనుట నిజమే. ఐనను బీదతల్లిని దోషిగ నిలబెట్టక, ఆమె చేతికి పని చూపినగాని బిడ్డ చేతినుండి పని జారదని గుర్తించుట ఆ తీర్పులోని గొప్ప వివేకమని నేనెంతును. ఆ కాలముననే, మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర వెలసిన సంస్థ శాంతా సిన్హాగారి నాయకత్వమున రంగారెడ్డి జిల్లా పల్లెలలో, బడి వెలుపల నున్న ప్రతిబిడ్డను బాలకార్మికుని క్రిందనే లెక్కింపవలెనని పట్టుబట్టి వేలకొలది పిల్లలను బడికి చేర్చినది. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారము వచ్చినది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు ఆమెయే తొలి అధ్యక్షురాలైనది. తెలుగునేల ఈ విషయమున దేశమునకు ఒక దారి చూపినదని చెప్పుకొనుటకు సంకోచింపనక్కరలేదు.

పలక చేయు బిడ్డకు పలక పట్టు భాగ్యము లేదనుమాట ఉపన్యాసకులకందరికిని సులభముగ దొరకినది. నేను దానిని ఎత్తిపొడువను. ఆ మాటయే ఢిల్లీదాక పోయి పనిచేసినది. ఆ అన్యాయము కంటికి కనబడునది. షెడ్డునకు గోడలున్నవి, గుమ్మమున్నది, లేబరు ఇన్‌స్పెక్టరు లోనికి పోయి తలలు లెక్కింపవచ్చును, ఫొటో తీయవచ్చును, యజమాని పేరు వ్రాసికొనవచ్చును. కాని నేడు నేను మాటాడవచ్చిన అత్యాచారమునకు అట్టి గుమ్మము లేదు. అది మేనమామ వరుసవాని ఇంటను, పొరుగింటి వసారాలోను, ట్యూషను గదిలోను, ఆటోలోను, వసతిగృహములోను జరుగును. దానిని చూచినవారు ఇద్దరే. అందొకడు చెప్పడు, రెండవవారు చెప్పలేరు. పలకల షెడ్డునుండి బిడ్డను బయటికి తెచ్చిన పద్ధతులన్నియు ఇక్కడ గడపవద్దనే ఆగిపోవును. ఇన్‌స్పెక్టరు రాలేని ఈ చోట బిడ్డను కాపాడగలిగినది ఒక్కటే: బిడ్డ నోరు విప్పినప్పుడు మొదట విన్న పెద్దమనిషి, ఆపైని కొన్ని దినములలో ఏమి చేయును అనునది. చట్టమెంత గట్టిదైనను దాని బలమంతయు ఆ మొదటి మనిషి చేతిలో ఉన్నది.

కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖవారు 2007లో వెలువరించిన అధ్యయనము, మన రాష్ట్రముతో కూడ పదమూడు రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించి, వారిలో నూటికి 53 మందికి పైగా ఏదియో ఒక రూపమున లైంగిక వేధింపునకు గురియైనట్లు తెలిపెను. ఆ పిల్లలలో సగముకంటె కొంచెము ఎక్కువమంది మగపిల్లలు. ఈ సంగతి మన ఇండ్లలో ఇప్పటికిని నమ్మరు. మగపిల్లవానికేమి అను ధీమాతో వానిని ఎవరివెంటనైనను పంపుదురు. ఆ పిల్లలలో అత్యధికులు తమకు జరిగినదానిని ఎవరికిని చెప్పుకొనలేదని ఆ నివేదికయే చెప్పుచున్నది. పోలీసు రికార్డులకెక్కిన కేసులలో నిందితుడు నూటికి తొంబదికి పైగా బిడ్డకు తెలిసినవాడే. కావున "తెలియనివాళ్ళు చాక్లెట్టిస్తే తీసుకోవద్దు" అని బిడ్డకు నూరిపోయుట మంచిదేగాని, అది అపాయపు దిక్కుకు వీపుపెట్టి కాపలాకాయుటయే.

మనవారు ఈ విషయమున మొదటినుండియు నిద్రపోయిరనుట న్యాయము కాదు. ఫూల్మణి అను బెంగాలీ బాలిక భర్తచేతిలో మరణించినపిమ్మట, 1891లో సమ్మతి వయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచినప్పుడు దేశమంతయు అట్టుడికినట్లుడికెను. అటుపిమ్మట వెలువడిన కన్యాశుల్కమునకు గురజాడవారు వ్రాసిన ఇంగ్లీషు పీఠికలో, విజయనగర ప్రభువులు విశాఖ మండలమున మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను లెక్కింపించి 1034 తేల్చిన వృత్తాంతమున్నది. ఆ పట్టికలో ఐదేండ్ల పెండ్లికూతుండ్రున్నారు, అంతకు చిన్నవారును ఉన్నారు. నాటకమును మనము నవ్వుచు చదివితిమి, పీఠికను చదువుట మానితిమి. 1929లో శారదా చట్టము బాలికల పెండ్లి వయస్సును పదునాలుగేండ్లుగ నిర్ణయించి, అది 1930 ఏప్రిలు మొదటి తేదీనుండి అమలునకు వచ్చునని ప్రకటింపగానే, ఆ నడిమి నెలలలో దేశమంతట తొందరపెండ్లిండ్లు విరివిగ జరిగినవి. చట్టమును ముహూర్తముతో ఓడించు నేర్పు మనకు నాటిదే. ఇప్పటికిని ఆంధ్రప్రదేశమున ఇరువదినుండి ఇరువదినాలుగేండ్లలోపు స్త్రీలలో నూటికి 29.3 మంది పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లియైనవారని 2019-21 కుటుంబారోగ్య సర్వే చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లు నిండని భార్యతో సంసర్గము అత్యాచారమేయని సుప్రీంకోర్టు 2017 అక్టోబరు 11న తీర్పుచెప్పినపిమ్మట, బాల్యవివాహము వేరు, అత్యాచారము వేరు అను గోడ చట్టములో కూలిపోయినది. పల్లెలో మాత్రము ఇంకను నిలిచియున్నది.

దండనమును గూర్చి ఒక్కమాట. వీధిబడులలో పిల్లవానిని త్రాటికి వ్రేలాడదీసి కోదండము వేయించిన పంతుళ్ళను గూర్చి మన తాతలు మురిసిపోవుచు చెప్పెడివారు. చలముగారు "బిడ్డల శిక్షణ" వ్రాసి దెబ్బలను ఖండించినప్పుడు ఆయనను విపరీతపు మనిషియనిరి. 2009నాటి విద్యాహక్కు చట్టము పదునేడవ విభాగమున బడిలో శారీరక దండనమును నిషేధించినది. దెబ్బకు అలవడిన బిడ్డ, పెద్దవాడు తన శరీరముపై ఏమి చేసినను ఊరకుండవలెననియే నేర్చుకొనును. ఆ పాఠము బడిలోనే మొదలగుట నాకు అన్నిటికంటె బాధాకరము.

2012 నవంబరు 14వ తేదీనుండి అమలునకు వచ్చిన, లైంగిక నేరములనుండి పిల్లలను రక్షించు పోక్సో చట్టమును గూర్చి పత్రికలలో శిక్షల మాటయే వినబడును. 2019లో ఆ శిక్షలను మరింత పెంచి, ఘోరమైనవానికి మరణదండనమును గూడ చేర్చిరి. నాకు ఆ చట్టములో నచ్చినవి శిక్షలు కావు, చిన్నచిన్న మర్యాదలు. బిడ్డ ఇంటికిగాని, బిడ్డ కోరినచోటికిగాని పోలీసులే పోయి వాఙ్మూలము వ్రాసికొనవలెను. వ్రాయునది వీలైనంతవరకు ఎస్.ఐ. హోదాకు తక్కువకాని మహిళాధికారి కావలెను. ఆమె యూనిఫారముతో పోరాదు. ఏ కారణముచేతను బిడ్డను రాత్రిపూట స్టేషనులో ఉంచరాదు. ఆడపిల్లను పరీక్షించునది వైద్యురాలే కావలెను, ఆ పరీక్ష తల్లిదండ్రులుగాని బిడ్డ నమ్మినవారుగాని దగ్గరుండగా జరుగవలెను. ఇరువదినాలుగు గంటలలో బాలల సంక్షేమ సమితికిని, ప్రత్యేక న్యాయస్థానమునకును సమాచారమందవలెను. కోర్టులో వకీళ్ళు తిన్నగ బిడ్డను ప్రశ్నింపరాదు, న్యాయాధిపతి ద్వారానే అడుగవలెను; నిందితుడు బిడ్డ కంటబడరాదు; కోర్టు నేరమును విచారణకు స్వీకరించిన ముప్పది దినములలో బిడ్డ సాక్ష్యమును, వీలైనంతవరకు ఒక సంవత్సరములో విచారణయంతయు ముగియవలెను. బిడ్డ పేరుగాని, ఊరుగాని, బడిగాని పత్రికలకెక్కరాదు. పసివాని భయమును తన కన్నులతో చూచినవారెవరో కూర్చుండి వ్రాసినట్లున్నది ఆ చట్టము.

ఇక దానిని మన ప్రాంతమునకు తెత్తము. 1970వరకును ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ఆ సంవత్సరము ఒంగోలు జిల్లాలో చేరినవి. 1972లో ఆ జిల్లా ప్రకాశము పంతులుగారి పేరు దాల్చినది. పేరెట్లు మారినను ఈ పడమటి సీమకు పెద్దకోర్టును, పెద్దాసుపత్రియు దూరముననే ఉండెను. ఒంగోలు జిల్లాకేంద్రమైన ఈ అర్ధశతాబ్దికి పైబడిన కాలమున మార్కాపురమువారు నూరు కిలోమీటర్ల దాపునను, గిద్దలూరువారు అంతకు బాగుగ మించియు ప్రయాణము చేసిరి. అర్ధవీడువద్దనో, దోర్నాలవద్దనో నల్లమల అంచున ఒక పల్లె ఉన్నదనుకొనుడు. తండ్రి బేలుదారు పనికై హైదరాబాదు పోయినాడు, తల్లియు వెంటపోయినది. వానలేని ఏడు ఇక్కడ ఇది వింత కాదు. బిడ్డ అవ్వదగ్గర ఉన్నది. ఒకనాడు బిడ్డ అవ్వతో ఒక మాట చెప్పినది. అవ్వ చేయగలిగినదేమి? ఆమె ముందు పొరుగింటి కోడలికి చెప్పును, కోడలు భర్తకు చెప్పును, చీకటిపడులోపల పెద్దమనుషులు రచ్చబండ చేరుదురు.

అక్కడ వినబడు మాటలు మీకు తెలిసినవే. "కేసూ గీసూ ఎందుకులే, కూసోని మాట్లాడుకుందాం." "పిల్ల పేరు బయటికొస్తే రేపు పెండ్లెట్లా?" "వాడూ మనోడే గదా." ఇంత సొమ్మని తేల్చి, కాగితము వ్రాసి, వ్రేలిముద్రలు వేయించి ముగింతురు. ఆ పెద్దమనుషులు చెడ్డవారని నేననను. పొలముగట్టు తగవును తీర్చిన చేతులతోనే దీనిని గూడ తీర్చబోవుదురు. కాని ఈ నేరము రాజీకి పనికివచ్చునది కాదు. అట్టి కాగితమునకు విలువలేదు. అంతేకాక, నేరము జరిగినదని తెలిసియు తెలుపనివానికి పోక్సో చట్టముననే ఆరునెలలవరకు శిక్ష యున్నది. బడికో, వసతిగృహమునకో అధిపతియైనవాడు తన క్రిందివాని నేరమును దాచినచో ఒక సంవత్సరమువరకును ఉన్నది. సదుద్దేశముతో తెలిపినవానిపై దావా నడువదు. ఈ రెండు సంగతులను ప్రతి పంచాయతీ కార్యాలయపు గోడమీద పెద్దక్షరములతో వ్రాయించినచో, రచ్చబండమీద కూర్చున్నవారిలో ఒక్కడైనను లేచిపోవునని నా నమ్మకము.

1098 అను నంబరును గూర్చి పిల్లలకు తెలిసినంత పెద్దలకు తెలియదు. 1996లో బొంబాయిలో వీధిబాలలకొరకు మొదలైన ఆ టెలిఫోను సేవ దేశమంతయు వ్యాపించి, 2023నుండి ప్రభుత్వ యంత్రాంగముక్రిందికి వచ్చి అత్యవసర నంబరైన 112తో కలిసినది. గ్రామ సచివాలయములలో 2019లో మహిళా పోలీసులను నియమించిరి. హింసకు గురియైన స్త్రీలను ఆదుకొనుటకు జిల్లాకొక సఖి కేంద్రము ఉండవలెనని 2015నాటి పథకము. హైదరాబాదులో 2016లో నెలకొన్న భరోసా కేంద్రమున పోలీసు, వైద్యము, న్యాయసలహా, మానసికమైన ఓదార్పు ఒకే కప్పుక్రింద దొరకినట్లు చేసిరి. బిడ్డ తనకు జరిగినదానిని నాలుగుచోట్ల నలుగురు క్రొత్తవారికి చెప్పవలసిన దుస్థితి తప్పినది. ఆ నమూనాను నగరములకే వదలిపెట్టుట నాకు సమ్మతము కాదు. గిద్దలూరు బిడ్డకే దాని అవసరమెక్కువ; నగరపు బిడ్డ ఆటో ఎక్కి పోగలదు.

ఒక చిక్కును దాటవేయుట నిజాయితీ కాదు. పదహారు, పదిహేడేండ్ల పిల్ల ఇష్టపడి ఒక కుర్రవానితో వెళ్ళిపోయినప్పుడు ఆమె తండ్రి పెట్టు కేసును పోక్సో చట్టముక్రిందనే వచ్చును. అందు కులము వేరైనచో పట్టుదల మరింత. కుర్రవాడు జైలుకు, పిల్ల హోముకు. ఈ కేసులను చూపి చట్టమంతయు దుర్వినియోగమగుచున్నదని వాదించువారున్నారు. ఎనిమిదేండ్ల బిడ్డ కేసును గూడ ఆ వాదముతోనే పలుచన చేయుదురు. వయస్సు దగ్గరగానున్న యువతీయువకుల విషయమున న్యాయమూర్తులకు విచక్షణాధికారము ఉండవలెనని నా అభిప్రాయము. దానికై పసిబిడ్డల రక్షణను సడలింపనక్కరలేదు.

బడులలో మంచి స్పర్శ, చెడు స్పర్శ అని పాఠము చెప్పుచున్నారు. చెప్పవలసినదే. కాని ఆ పాఠము బరువునంతయు బిడ్డ భుజముపై పెట్టుచున్నది. అరువుమని, పరుగెత్తుమని బిడ్డకు నేర్పుచున్నాము. అరచినపిమ్మట ఎవరు వత్తురో వారికి ఏ పాఠమును చెప్పుటలేదు. కస్తూరిబా విద్యాలయమున వంటచేయు ఆయమ్మకు, వసతిగృహము వాచ్‌మనుకు, స్కూలు ఆటో నడుపు డ్రైవరుకు, ఆశా కార్యకర్తకు చెప్పవలసిన పాఠము వేరు: బిడ్డ చెప్పినప్పుడు మొగము మాడ్చకుడు, "నిజమేనా?" అని ముమ్మారు అడుగకుడు, వివరములకై త్రవ్వకుడు, ఆ పని అధికారులది, బిడ్డ అన్నమాటను అన్నట్లే వ్రాసిపెట్టుడు, "ఎవ్వరితోను చెప్పను" అని మాట ఈయకుడు, నిలుపుకొనలేరు, తప్పు నీది కాదని మాత్రము చెప్పుడు. ఇంతే పాఠము. ఒక్క పూటలో నేర్పవచ్చును.

కేసు పెట్టిన తరువాతి కాలమును గూర్చి మన పత్రికలు వ్రాయవు. అప్పుడే కుటుంబము క్రుంగిపోవును. వాయిదాకు పోవలెనన్న తల్లి ఆనాటి కూలి పోగొట్టుకొనవలెను. తెల్లవారుజామున మొదటి బస్సెక్కవలెను. కోర్టువద్ద నిందితుని బంధువులు ఎదురుపడుదురు. వాయిదా మరల పడును. మూడవ వాయిదాకు తల్లి రాదు, నాలుగవదానికి సాక్షి మాట మార్చును, తరువాత "కేసు వీగిపోయినది" అని వార్త. 2020నాటి పోక్సో నియమములలో ఇందుకు మందున్నది. బిడ్డవెంట విచారణ ముగియువరకు నడచుటకు సంక్షేమ సమితి ఒక సహాయకుని నియమింపవచ్చును. ఆహారము, బట్టలు, ప్రయాణములవంటి అత్యవసరములకు ప్రత్యేక సహాయమును సమితి సిఫారసు చేసినచో వారములోపల అది అందవలెను. తీర్పువరకు వేచియుండక మధ్యంతర పరిహారమును గూడ కోర్టు ఇప్పింపవచ్చును. అడిగినవారికి ఇవి దొరకును. అడుగవలెనని చెప్పు మనిషి ఆ తల్లికి దొరకుటలేదు.

ఈ స్మారకోపన్యాసమునకై ధర్మనిధిని నెలకొల్పిన కుటుంబమువారు నన్ను పిలిచినప్పుడు, ఉపన్యాసము తరువాత ఏదైనను సూచన చేయుమని కోరిరి. కోరినారు గనుక చెప్పెదను. ఏటేట వచ్చు వడ్డీలో సగము నావంటి ఉపన్యాసకుల శాలువలకును, కరపత్రములకును వ్యయమగుచున్నట్లున్నది. ఆ సగమును మానిపించి, మార్కాపురము, గిద్దలూరు బారులలోని న్యాయవాదులిద్దరు, పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయురాండ్రిద్దరు కలిసిన ఒక చిన్న మండలికి అప్పగింపుడు. వాయిదాకు పోవు తల్లికి రెండు బస్సు టికెట్లును, ఒక పూట భోజనమును, ఆనాటి కూలియు వారు సమకూర్పవలెను. ప్రత్యేక సహాయమునకు, మధ్యంతర పరిహారమునకు దరఖాస్తును వారే వ్రాసిపెట్టవలెను. ఉపాధ్యాయురాండ్రలో ఒకరు బస్సులో బిడ్డ ప్రక్కన కూర్చుండవలెను. లెక్కలపుస్తకమున తేదీ, మొత్తము మాత్రము వ్రాయవలెను. బిడ్డ పేరు, ఊరి పేరు వ్రాయరాదు. ఆడిటరుగారు ఒప్పుకొనకపోవచ్చును. ఆయన ఈ సభలోనే ముందువరుసలో ఉన్నారు గనుక, సభ ముగిసినపిమ్మట ఆయనతో ఆ సంగతి నేను మాటాడెదను.